పేరు చెప్పే ముందు: ఎగుమతి బేరాల్లో మీ కమీషన్ కాపాడుకోవడం ఎలా

నా మొదటి పెద్ద బేరం ఒక ప్లాస్టిక్ కవరు వల్ల పోయింది. కాకినాడ దగ్గర ఒక మిల్లులో ఉప్పుడు బియ్యం శాంపిల్ తీసుకుని, పశ్చిమ ఆఫ్రికాలో ఉన్న ఒక పార్టీకి కొరియర్ చేశాను. కిలో చొప్పున రెండు కవర్లు. మిల్లు వాళ్లు రోజూ వాడే కవర్లే. మీద మిల్లు పేరు, ఊరు, కింద చిన్న అక్షరాల్లో ఓనరు సెల్ నంబరు. నూక శాతం చూశాను, తేమ చూశాను, గింజ రంగు వెలుతురులో పెట్టి మరీ చూశాను. కవరు మాత్రం చూడలేదు. మూడు వారాలు "పార్టీ ఆలోచించుకుంటున్నాడులే" అనుకుంటూ కూర్చున్నాను. నాలుగో వారం పోర్టులో తెలిసిన క్లియరింగ్ ఏజెంట్ ఒకాయన ఫోన్ చేసి, "మీ పార్టీ సరుకు లోడవుతోంది కదండీ, మీరు రాలేదేం?" అన్నాడు.

టన్నుకి 4 డాలర్లు, వెయ్యి టన్నులు. లెక్క మీరే వేసుకోండి.

మధ్యవర్తికి గోడౌన్ ఉండదు, మిల్లు ఉండదు, లారీ కూడా ఉండదు. ఎవరి దగ్గర ఏముందో, ఎవరికి ఏం కావాలో తెలియడమే మన సరుకు. అవతలివాడి పేరు మన నోట్లోంచి బయటికొచ్చిందంటే ఆ సరుకు డెలివరీ అయిపోయినట్టే. మన డబ్బు వచ్చేది మాత్రం ఓడ కదిలాక, బ్యాంకులో పడ్డాక, నెలకో రెండు నెలలకో. పేరు చెప్పడానికీ డబ్బు రావడానికీ మధ్య ఉన్న ఈ కాలంలో ఏం చేయాలో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. కాకినాడ బియ్యం, గుంటూరు మిర్చి, చీమకుర్తి గ్రానైట్, ఏది చూసినా పద్ధతి దాదాపు ఒకటే. నాకు బాగా తెలిసింది బియ్యం కాబట్టి ఉదాహరణలన్నీ అక్కడివే.

ముందు బేరం నిజమైనదో కాదో చూడండి

లేని బేరంలో కమీషన్ కాపాడుకునేదేమీ ఉండదు. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ఆఫర్లు మీరూ చూసే ఉంటారు. బ్రెజిల్ పంచదార, ఐకమ్సా 45 అనే తెల్ల రకం, నెలకి లక్షల టన్నులు, మార్కెట్ కంటే వంద డాలర్లు తక్కువ. దాంతోపాటు పది మెట్ల "ప్రొసీజర్", అటు నలుగురు, ఇటు నలుగురు బ్రోకర్లు, అందరికీ కలిపి ఇరవై పేజీల అగ్రిమెంటు. ఇలాంటి వాటిలో సరుకు ఎక్కడా కనిపించదు, కాగితాలే తిరుగుతుంటాయి. అమ్మేవాడి దగ్గరికి గానీ కొనేవాడి దగ్గరికి గానీ మీరు ఒక్క ఫోన్‌తో వెళ్లలేకపోతే ఆ బేరం వదిలేయండి. మధ్యలో ఇద్దరి కంటే ఎక్కువ మంది ఉన్నా నేనైతే వదిలేస్తాను.

మధ్యవర్తినే ఎదురు డబ్బు అడిగితే ఇక ఆలోచించే పనే లేదు. "అగ్రిమెంటు రిజిస్ట్రేషన్ ఫీజు పంపండి", "మీ కమీషన్ రిలీజ్ కావాలంటే టాక్స్ కట్టండి" అంటే అది మోసం. కమీషన్ అనేది మనకి రావాల్సిన డబ్బు.

ఇక్కడే ఇంకో భ్రమ సంగతి కూడా చెప్పేస్తాను. ఈ గ్రూపుల్లో ఎన్‌సీఎన్‌డీఏ, ఐఎంఎఫ్‌పీఏ అని రెండు కాగితాలు తిరుగుతుంటాయి. మొదటిది ఒకరినొకరు తప్పించుకుని వెళ్లబోమని, రహస్యాలు బయటపెట్టబోమని రాసుకునేది. రెండోది ఫీజు ఇస్తామని రాసుకునేది. వాటి తలకట్టు మీద "ఐసీసీ 600 ప్రకారం" అని ఉంటుంది. ఐసీసీ అంటే పారిస్‌లోని ఇంటర్నేషనల్ చాంబర్ ఆఫ్ కామర్స్, అది ఎవరి అగ్రిమెంట్లూ రిజిస్టర్ చేసుకోదు. ఆ 600 అనేది యూసీపీ 600, అంటే 2007 జూలై 1 నుంచి అమల్లో ఉన్న లెటర్ ఆఫ్ క్రెడిట్ (ఎల్‌సీ) నియమాలు. ఎల్‌సీ అంటే, చెప్పిన కాగితాలు ఇస్తే అమ్మేవాడికి డబ్బు కడతామని కొనేవాడి బ్యాంకు ఇచ్చే హామీ. బ్రోకర్ల ఫీజు గురించి అందులో ఒక్క ముక్క లేదు. అప్పుడప్పుడు బేరాలు కుదిర్చే మధ్యవర్తుల కోసం ఐసీసీ విడిగా ఒక నమూనా కాంట్రాక్టు వేసింది. దాని నంబరు 619. కాపీ కొట్టాలనుకుంటే దాన్నే కొట్టండి. అయినా అది నమూనా మాత్రమే, సంతకం పెట్టినవాడి చేత డబ్బు కట్టించేది ఐసీసీ కాదు.

మీరు ఎవరి మనిషో తేల్చుకోండి

ఇది చాలామంది వదిలేసే మెట్టు. అమ్మేవాడి తరఫునా, కొనేవాడి తరఫునా, లేక ఇద్దరినీ కలిపి పక్కకి తప్పుకునే మనిషా? డబ్బు ఎవరు ఇస్తే వాళ్ల మనిషి మీరు. నా సలహా అడిగితే అమ్మేవాడి దగ్గర తీసుకోండి. కొనేవాడికి రేటు తగ్గించుకోవడమే పని, అతని కంటికి మీ 4 డాలర్లు అనవసర ఖర్చు. అమ్మేవాడికి మాత్రం రేపు ఇంకో పార్టీ కావాలి, అందుకు మీ అవసరం ఉంటుంది.

ఇద్దరి దగ్గరా తీసుకోవచ్చు, ఇద్దరికీ చెప్పి. దొంగచాటుగా తీసుకుంటే 1872 నాటి భారత కాంట్రాక్ట్ చట్టంలో 220వ సెక్షన్ మీకు ఎదురుతిరుగుతుంది. ఏజెంటు ఏ విషయంలో తప్పుడు పని చేశాడో ఆ విషయంలో అతనికి ప్రతిఫలం అడిగే హక్కు ఉండదు.

అదే చట్టంలో 230వ సెక్షన్ ఇంకా ప్రమాదం. మామూలుగా ఏజెంటు తన యజమాని తరఫున చేసిన కాంట్రాక్టుకి సొంతంగా బాధ్యుడు కాడు. కానీ విదేశంలో ఉన్న వ్యాపారి కోసం సరుకు కొనడానికో అమ్మడానికో ఏజెంటు కాంట్రాక్టు చేస్తే, అతనే బాధ్యుడని చట్టం ముందుగా అనుకుంటుంది. యజమాని పేరు బయటపెట్టకుండా చేసినా అంతే. అంటే పేరు దాచుకుందామన్న తెలివితో కొనుగోలు కాంట్రాక్టు మీద మీరే సంతకం గీకితే, రేపు పశ్చిమ ఆఫ్రికాలోని బెనిన్‌లో పార్టీ చేతులెత్తేసిన రోజు మిల్లు వాళ్లు మీ ఇంటికొస్తారు. పేరు దాచాల్సింది బేరం మొదట్లో. కాంట్రాక్టు కాగితం మీద మాత్రం కొనేవాడు, అమ్మేవాడే సంతకాలు పెట్టాలి. మీరు పెట్టాల్సి వస్తే "ఫలానావారి తరఫున ఏజెంటుగా మాత్రమే, సొంత బాధ్యత లేదు" అని సంతకం పక్కనే రాయండి.

పేరు చెప్పక ముందే కమీషన్ లెటర్

ఇరవై పేజీలు అక్కర్లేదు. కంపెనీ లెటర్‌హెడ్ మీద ఒక పేజీ చాలు. ఎవరు ఇస్తున్నారో వాళ్ల ఐఈసీ నంబరు (ఎగుమతి దిగుమతులు చేసేవాళ్లకి ఇచ్చే కోడ్), జీఎస్‌టీ నంబరు అందులో ఉండాలి. ఐఈసీ నిజమో కాదో విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ (డీజీఎఫ్‌టీ) సైట్‌లో, జీఎస్‌టీ నంబరు జీఎస్‌టీ పోర్టల్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. మిర్చి, పసుపు లాంటివైతే ఎగుమతిదారుకి స్పైసెస్ బోర్డు రిజిస్ట్రేషన్ ఉందా అన్నది కూడా చూడండి. సంతకం పెట్టేవాడు ఓనరో, పార్ట్‌నరో, డైరెక్టరో అయ్యుండాలి. మార్కెటింగ్ మేనేజర్ నవ్వుతూ పెట్టిన సంతకం ఆరు నెలల తర్వాత "మాకు తెలియదండీ" అయిపోతుంది.

లెటర్‌లో అసలు మాట ఇలా ఉండాలి: "కింద అనుబంధంలో పేర్కొన్న కొనుగోలుదారు గానీ, అతని అనుబంధ సంస్థలు గానీ, అతని తరఫున కొనేవారు గానీ, ఈ తేదీ నుంచి 24 నెలల్లో మా దగ్గర కొనే ప్రతి మెట్రిక్ టన్నుకీ 4 అమెరికన్ డాలర్లు, బిల్ ఆఫ్ లేడింగ్‌లో చూపిన బరువు మీద లెక్కగట్టి, ప్రతి షిప్‌మెంట్ డబ్బు మాకు జమ అయిన 3 బ్యాంకు పనిదినాల్లో చెల్లిస్తాము."

ఇందులో ప్రతి ముక్కకీ వెనక ఎవరో ఒకరు దెబ్బతిన్న కథ ఉంది. "అనుబంధ సంస్థలు" అని లేకపోతే రెండో ఆర్డరు బావమరిది కంపెనీ పేరు మీద వస్తుంది. "24 నెలల్లో కొనే ప్రతి" అని లేకపోతే మొదటి ట్రయల్ కంటెయినర్‌కి మాత్రమే, పాతిక టన్నులకి వంద డాలర్లు చేతిలో పెట్టి నమస్కారం పెడతారు. శాతం కాకుండా టన్నుకి ఇంత అని ఎందుకంటే, ధరలో ఎంత తగ్గించారో, రిబేటు ఎంత ఇచ్చారో మనకి ఎప్పటికీ తెలియదు. బరువు మాత్రం బిల్ ఆఫ్ లేడింగ్ (బీఎల్) మీద, అంటే సరుకు ఎక్కించుకున్నట్టు షిప్పింగ్ లైన్ ఇచ్చే ఓడ కాగితం మీద ఉంటుంది.

కమీషన్ ఎప్పుడు సంపాదించినట్టు అన్నది విడిగా రాయించండి. ఏమీ రాసుకోకపోతే 219వ సెక్షన్ ప్రకారం పని పూర్తయ్యాకే ఇవ్వాలి, ఆ "పూర్తి" ఎక్కడ అన్నదాని మీద గొడవ. 2023 జూలై 20న కేంద్రం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపేసింది. నూకల మీద అప్పటికే 2022 సెప్టెంబర్ నుంచి నిషేధం ఉంది. కాంట్రాక్టులు సంతకమై, ధరలు ఖాయమై, గోడౌన్లలో సరుకు ఉండగానే బేరాలు ఆగిపోయాయి. అలాంటప్పుడు కమీషన్ అడగడం న్యాయం కాదు, నేనూ అడగను. కానీ అమ్మేవాడే ఎక్కువ రేటొచ్చిందని సరుకు ఇంకొకరికి ఇచ్చేస్తే? అప్పుడు మన పని మనం చేసినట్టే. కాబట్టి రెండూ వేరుగా రాయండి: ప్రభుత్వ ఉత్తర్వు వల్ల ఆగితే కమీషన్ లేదు, ఇచ్చేవాడి తప్పు వల్ల ఆగితే ఉంది. నిషేధం ఎత్తేశాక అదే పార్టీతో మళ్లీ బేరం జరిగితే ఆ నిషేధం ఉన్న రోజులు 24 నెలల్లో కలవవని కూడా రాయించండి. తెల్ల బియ్యం మీద నిషేధం 2024 సెప్టెంబర్ 28న ఎత్తేశారు. అప్పటికి చాలామంది బ్రోకర్ల గడువులు సగానికి పైగా కరిగిపోయి ఉంటాయి.

"మోసం చేస్తే పదింతలు జరిమానా" లాంటి మాటలు రాయకండి. 74వ సెక్షన్ కింద కోర్టు రాసుకున్న మొత్తానికి మించకుండా సబబైన పరిహారమే ఇప్పిస్తుంది. పదింతల మాట చూసి అవతలి లాయరు నవ్వుకుంటాడు, అంతే. నన్ను తప్పించి చేసిన బేరం మీద నాకు రావాల్సిన కమీషన్ మొత్తం, ఆలస్యానికి వడ్డీ అని రాస్తే చాలు.

తగువు వస్తే ఎక్కడ తేల్చుకోవాలో కూడా రాయండి. ఇద్దరూ ఇక్కడివాళ్లే అయితే మన ఊరి కోర్టో, ఇక్కడే ఆర్బిట్రేషనో (ఇద్దరూ ఒప్పుకున్న తీర్పరి ముందు కోర్టు బయట తేల్చుకోవడం). అవతలివాడు విదేశీ అయితే ఆర్బిట్రేషనే మేలు. 1958 నాటి న్యూయార్క్ ఒప్పందంలో ఉన్న దేశాల్లో ఆర్బిట్రేషన్ తీర్పుని అమలు చేయించుకునే దారి ఉంది, మన జిల్లా కోర్టు డిక్రీని ఆఫ్రికాలోని డకార్‌లో అమలు చేయించడం మాత్రం ఊహించుకోండి. సింగపూర్ చాలామంది ఒప్పుకునే చోటు. 2021 డిసెంబర్ నుంచి హైదరాబాద్‌లో కూడా అంతర్జాతీయ ఆర్బిట్రేషన్ కేంద్రం ఉంది. ఏదైనా ఖర్చుతో కూడిన పనే. పదివేల డాలర్ల లోపు కమీషన్‌కి సింగపూర్ రాయడం గొప్పకి పోవడమే.

పేరు చెప్పే పద్ధతి

లెటర్ మీద సంతకం అయ్యాక కూడా ఫోన్‌లో పేరు చెప్పకండి. ఈమెయిల్ పెట్టండి, అదీ కంపెనీ అసలు ఐడీకి. "తేదీ ఫలానా కమీషన్ లెటర్‌కి అనుబంధం: కొనుగోలుదారు ఫలానా సంస్థ, ఫలానా నగరం. ఈ పార్టీతో మీకు ఇంతకుముందే వ్యాపారం ఉంటే 48 గంటల్లో పాత ఇన్‌వాయిస్ గానీ పాత ఈమెయిల్ గానీ జతచేసి తెలపండి. లేకపోతే ఈ పేరు అనుబంధంలో చేరినట్టే" అని రాయండి. ఈ 48 గంటల నిబంధన లెటర్‌లో కూడా ఉండాలి, లేకపోతే జవాబు రాకపోవడాన్ని ఒప్పుకోలు అనలేం. "వాళ్లు మాకు ముందే తెలుసండీ" అన్న మాట ఈ వ్యాపారంలో ఎంత మామూలో, దాన్ని ఆపడానికి ఈ మూడు వాక్యాలు అంతగా పనికొస్తాయి. నిజంగా తెలిసి ఉంటే వాళ్లు అప్పుడే చెబుతారు, మనకీ శ్రమ తప్పుతుంది.

కొనేవాడికి అమ్మేవాడి పేరు ఇంకా ఆలస్యంగా చెప్పండి. ముందు శాంపిలు, అదీ ఏ పేరూ లేని తెల్ల కవర్లో, మీ స్టిక్కరుతో. ల్యాబ్ రిపోర్టు పంపాల్సి వస్తే అందులో శాంపిల్ ఇచ్చినవారి పేరు మీదిగా ఉండేట్టు మీరే టెస్టు చేయించండి. మిల్లు ఫొటోలు పంపేటప్పుడు గోడ మీద బోర్డు, బస్తా మీద ముద్ర, ఫొటోలో దాగిన లొకేషన్ వివరాలు చూసుకోండి. నాకు తెలిసిన ఒక కుర్రాడు అన్నీ జాగ్రత్తగా చేసి, వీడియోలో వెనక నిలబడ్డ లారీ మీద మిల్లు పేరు వదిలేశాడు.

ఇంత చేసినా మొదటి షిప్‌మెంట్‌తో పేరు బయటపడుతుంది. ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (సరుకులో తెగుళ్లు లేవని చెప్పేది) మీద, ఆరిజిన్ సర్టిఫికెట్ (ఏ దేశపు సరుకో చెప్పేది) మీద, బస్తా మీద ఎగుమతిదారు పేరు ఉంటుంది. దాన్ని ఎల్లకాలం దాచలేం. దాచడం మొదటి ఆర్డరు కుదిరేదాకా, రెండో ఆర్డరు నుంచి మనల్ని కాపాడేది లెటర్‌లోని ఆ 24 నెలలూ, డబ్బు నడిచే దారీ.

డబ్బు ఏ దారిన వస్తుందో మీరే నిర్ణయించండి

అసలు పని ఇక్కడుంది. సంతకం పెట్టిన మాట కంటే బ్యాంకుకి ఇచ్చిన ఆదేశం గట్టిది. మూడు దారులు చెబుతాను, తేలికైన దానితో మొదలుపెట్టి.

బేరం ఎల్‌సీ మీద జరుగుతుంటే, అమ్మేవాడి చేత తన బ్యాంకుకి ఒక ఆదేశం ఇప్పించండి: ఈ ఎల్‌సీ కింద వచ్చే సొమ్ములోంచి ఇంత మొత్తం ఫలానా ఖాతాకి జమ చేయాలి, ఈ ఆదేశాన్ని ఆ ఖాతాదారు (అంటే మీ) అనుమతి లేకుండా వెనక్కి తీసుకోరాదు. దీన్ని అసైన్‌మెంట్ ఆఫ్ ప్రొసీడ్స్ అంటారు. యూసీపీ 600లో 39వ ఆర్టికల్ దీని గురించే. ఎల్‌సీ మీద "ట్రాన్స్‌ఫరబుల్" (ఇంకొకరికి బదిలీ చేయదగ్గది) అని లేకపోయినా ఇది చేసుకోవచ్చు. బ్యాంకు "అందింది, నమోదు చేశాం" అని మీకు లెటర్ ఇవ్వాలి, అది లేకపోతే ఏమీ లేనట్టే. దీని లోటు కూడా తెలుసుకోండి. మీకు ఎల్‌సీ మీద హక్కు రాదు, వచ్చిన డబ్బు మీదే వస్తుంది. అమ్మేవాడు డాక్యుమెంట్లు ఇవ్వకపోయినా, ఇద్దరూ కలిసి ఎల్‌సీని పక్కనపెట్టి నేరుగా టీటీలో, అంటే మామూలు బ్యాంకు ట్రాన్స్‌ఫర్‌లో, డబ్బు పంపుకున్నా మీ ఆదేశం గాల్లో ఉంటుంది. అందుకే లెటర్ కూడా ఉండాలి.

రెండోది ట్రాన్స్‌ఫరబుల్ ఎల్‌సీ. దుబాయ్‌లోనో సింగపూర్‌లోనో సొంత కంపెనీ ఉన్న మనవాళ్లకి ఇది బాగా కుదురుతుంది. కొనేవాడు మీ పేరు మీద ఎల్‌సీ తెరుస్తాడు, మీరు దాన్ని కాకినాడ ఎగుమతిదారుకి బదిలీ చేస్తారు. 5,000 టన్నులు, అమ్మేవాడి ధర టన్నుకి 360 డాలర్లు, కొనేవాడి ధర 365 అనుకోండి. మీకొచ్చే ఎల్‌సీ 18,25,000 డాలర్లకి. మీరు బదిలీ చేసేది 18,00,000కి. మధ్యలో 25,000 మీది. 38వ ఆర్టికల్ ప్రకారం బదిలీ చేసేటప్పుడు మొత్తం, టన్ను ధర, గడువు తేదీ, షిప్‌మెంట్ ఆఖరి తేదీ, డాక్యుమెంట్లు ఇచ్చే గడువు తగ్గించుకోవచ్చు. కొనేవాడి పేరు బదులు మీ పేరు పెట్టించుకోవచ్చు. అంటే అమ్మేవాడికి కొనేవాడి ధర కనబడదు.

జాగ్రత్తలు నాలుగు చెప్పాలి. ఎల్‌సీ మీద "ట్రాన్స్‌ఫరబుల్" అన్న మాట కచ్చితంగా ఉండాలి, దానికి దగ్గరి మాటలు చెల్లవు. ఉన్నా సరే, ఒప్పుకోవాలా వద్దా అన్నది బదిలీ చేసే బ్యాంకు ఇష్టం, ముందే మాట్లాడుకోండి. మీ దగ్గర్నుంచి అందుకున్నవాడు దాన్ని మళ్లీ ఇంకొకరికి బదిలీ చేయలేడు, కాబట్టి మీ తర్వాత నిజమైన అమ్మేవాడే ఉండాలి. ఇక నాలుగోది చాలామందిని ముంచింది. సరుకు కాగితాలు బ్యాంకుకి చేరాక మీ ఇన్‌వాయిస్ ఇమ్మని బ్యాంకు అడుగుతుంది. మొదటిసారి అడగ్గానే ఇవ్వకపోతే, అమ్మేవాడి ఇన్‌వాయిస్‌నే నేరుగా అవతలికి పంపేసే హక్కు బ్యాంకుకి ఉంది. 25,000 డాలర్లూ పోతాయి, 360 అన్న అసలు ధరా బయటపడుతుంది, రెండు నష్టాలూ ఒకేరోజు. ఓడ కదిలిన రోజే మీ ఇన్‌వాయిస్ సిద్ధం చేసి, మీ బ్యాంకు డెస్కులో పెట్టేయండి. ఆ వారం పెళ్లిళ్లకీ తిరుపతికీ వెళ్లకండి.

ఐదారు వందల టన్నుల బేరానికి ఇదంతా పెట్టుకోకండి. బదిలీ ఖర్చులు మీ నెత్తినే పడతాయి, టెన్షన్ అదనం. చిన్న బేరానికి అసైన్‌మెంటే చాలు.

మూడో దారి, బ్రోకరుగా ఉండటమే మానేసి మీరే మర్చంట్ ఎక్స్‌పోర్టర్ కావడం. మిల్లు దగ్గర కొని మీ పేరు మీద పంపడం. అప్పుడు కమీషన్ కాదు, లాభం. మిల్లు నుంచి ఎగుమతి కోసం కొనేటప్పుడు జీఎస్‌టీ 0.1 శాతానికే బిల్లు వేయించుకునే వీలు 2017 నుంచి ఉంది. షరతులతో, అందులో ముఖ్యమైనది మిల్లు బిల్లు తేదీ నుంచి 90 రోజుల్లో సరుకు దేశం దాటాలి. పెట్టుబడీ నష్టభయమూ మీవే. నేను అటు వెళ్లడానికి ఏడేళ్లు పట్టింది, ఇప్పటికీ సగం బేరాలు బ్రోకరుగానే చేస్తాను.

ప్రభుత్వ కాగితాలు

మీరు విదేశంలో ఉండి ఇక్కడి ఎగుమతిదారు దగ్గర కమీషన్ తీసుకుంటుంటే, ఆ మొత్తాన్ని షిప్పింగ్ బిల్లు ఫైల్ చేసేటప్పుడే కస్టమ్స్‌కి చూపించమని అతనికి చెప్పండి. చూపిస్తే బ్యాంకు పెద్దగా అడగకుండా పంపిస్తుంది. చూపించకపోతే ఎందుకు చూపలేదో చెప్పాలి, కమీషన్ ఇస్తామన్న రాతపూర్వక ఒప్పందం ఉండాలి, సరుకు అప్పటికే వెళ్లి ఉండాలి. మీ కమీషన్ లెటర్ షిప్‌మెంట్ కంటే ముందు తేదీతో ఉండటం ఇక్కడ కూడా అక్కరకొస్తుంది. "కస్టమ్స్‌లో చూపలేదండీ, బ్యాంకు ఒప్పుకోవట్లేదు" అన్నది ఎగ్గొట్టేవాళ్లకి దొరికే మర్యాదైన సాకు.

ఇక్కడే ఉండి విదేశీ కొనుగోలుదారు నుంచి డాలర్లు తీసుకుంటుంటే, బ్యాంకులో పర్పస్ కోడ్ పీ1002 చెప్పండి, ఎగుమతి దిగుమతుల కమీషన్‌కి అదే. జీఎస్‌టీ మాత్రం తలనొప్పి. ఇంటర్మీడియరీ (మధ్యవర్తి) సేవ కాబట్టి డాలర్లు వచ్చినా దాన్ని ఎగుమతిగా లెక్కించకుండా 18 శాతం వేసే నియమం ఏళ్లుగా బ్రోకర్లని ఏడిపించింది. ఆ నియమం తీసేయాలని 2025 సెప్టెంబర్‌లో జీఎస్‌టీ కౌన్సిల్ సిఫారసు చేసింది. మీరు బిల్లు వేసే రోజుకి ఏది అమల్లో ఉందో ఆడిటర్‌ని అడిగి వేయండి, రేటు కుదుర్చుకునేటప్పుడే "పన్నులు అదనం" అని రాయించండి. ఇక్కడి ఎగుమతిదారు ఇచ్చే కమీషన్ మీద టీడీఎస్ కోస్తారు, 2024 అక్టోబర్ నుంచి అది 5 నుంచి 2 శాతానికి తగ్గింది.

సరుకు కదిలాక కళ్లు మూయకండి

బుకింగ్ అయిన రోజు నుంచి బిల్ ఆఫ్ లేడింగ్ కాపీ అడుగుతూ ఉండండి. కాపీ ఇవ్వాలన్నది లెటర్‌లో ముందే రాసుకోవాలి. కంటెయినర్ నంబరు దొరికితే, అంటే నాలుగు అక్షరాలు ఏడు అంకెలు, షిప్పింగ్ లైన్ సైట్‌లో పెట్టి ఎక్కడుందో చూసుకోవచ్చు. బీఎల్ తేదీనే మీ కమీషన్ బిల్లు వేసి పంపేయండి, డబ్బు తర్వాత వచ్చినా సరే. బిల్లు వెళ్లిన తర్వాత అకౌంట్స్ వాళ్ల పుస్తకంలో మీరు అప్పుగా కనబడతారు. బిల్లు వెళ్లకపోతే ఓనరు గారి జ్ఞాపకంలో మాత్రమే ఉంటారు.

కింద చిన్న బ్రోకరు ఎవరైనా ఉంటే అతని వాటా కూడా అప్పుడే తేల్చండి. మీరు ఎవరి మీద కోపగించుకుంటున్నారో అదే పని మీ కిందివాడికి మీరు చేయకండి. అలా చేసినవాళ్ల పేర్లు కాకినాడలో సాయంత్రానికే తెలిసిపోతాయి.

తప్పించి వెళ్లిపోతే

ముందు అరవకండి. ఫోన్‌లో తిట్టిన రికార్డింగు రేపు మీకే ఎదురవుతుంది. కాగితాలు ఒకచోట పెట్టండి: లెటర్, అనుబంధం ఈమెయిల్, శాంపిల్ కొరియర్ రసీదు, ధర మాట్లాడుకున్న మెసేజ్‌లు, బీఎల్ వివరాలు. వాట్సాప్ సంభాషణ ఉన్న ఫోన్ మార్చకండి, అమ్మకండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ కావాలి, స్క్రీన్‌షాట్ ప్రింటు ఒక్కటే తీసుకెళ్తే చాలదు.

తర్వాత మర్యాదగా ఒక ఈమెయిల్: ఫలానా తేదీ, ఫలానా బీఎల్, ఇన్ని టన్నులు, ఇంత కమీషన్, పదిహేను రోజుల్లో ఇవ్వగలరు. నా అనుభవంలో సగం ఇక్కడే తేలుతుంది, పూర్తిగా రాకపోయినా ఎంతో కొంత. అది పనిచేయకపోతే లాయరు నోటీసు. 3 లక్షల రూపాయలు, అంతకు మించిన వాణిజ్య తగాదా అయితే వాణిజ్య న్యాయస్థానాల చట్టం కిందికి వస్తుంది, అత్యవసర ఆదేశం కోరనప్పుడు దావాకి ముందు రాజీ ప్రయత్నం (మీడియేషన్) తప్పనిసరి. దావా వేయడానికి మామూలుగా గడువు మూడేళ్లు, డబ్బు ఇవ్వాల్సిన రోజు నుంచి. "వచ్చే సీజన్లో సర్దుతాం" అన్న మాటతో ఆ మూడేళ్లూ దొర్లిపోతాయి. కాబట్టి సర్దుతామన్న మాటనే సంతకంతో రాయించుకోండి. బాకీ ఒప్పుకుంటూ గడువులోపే సంతకం పెడితే గడువు మళ్లీ మొదటి నుంచి లెక్కకొస్తుంది.

ఆ ప్లాస్టిక్ కవరు బేరంలో నా దగ్గర వీటిలో ఒక్కటీ లేదు. మిల్లుకి వెళ్లాను. ఓనరు గారు టీ ఇప్పించి, "మీరు చెప్పారని మాకు తెలియదండీ, ఆయనే ఫోన్ చేశాడు" అన్నారు. అబద్ధం కాదు, నిజంగానే ఆయనే ఫోన్ చేశాడు. ఇప్పుడు మా ఆఫీసు అలమరాలో ఏ ముద్రా లేని తెల్ల కవర్లు వంద ఉంటాయి. శాంపిల్ తెచ్చిన కుర్రాడు మొదట చేసే పని మిల్లు కవరు విప్పి బియ్యం అందులోకి మార్చడం.